ఒక పేరు కింద ఐదు దోమలు

అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ గోధుమ రంగులో ఉండే చిన్న దోమ. మన దేశంలో ఏటా కొత్తగా వచ్చే మలేరియా కేసుల్లో 60 నుంచి 65 శాతం దీని వల్లేనని పరిశోధకుల అంచనా. 1901లో గైల్స్ అనే పరిశోధకుడు దీనికి ఈ పేరు పెట్టాడు. ఆ తర్వాత దాదాపు 80 ఏళ్లు దీన్ని ఒకే జాతి అనుకున్నారు. నిజానికి ఆ పేరు కింద ఐదు జాతులున్నాయి. మైక్రోస్కోపు కింద పెట్టినా వాటి రెక్కలు, కాళ్లు, మూతి ఒకేలా కనిపిస్తాయి. వాటిని గుర్తుపట్టే పనిలో రైబోజోమ్ డీఎన్ఏలోని స్పేసర్లు అనే నడిమి ముక్కలకు పెద్ద పాత్రే ఉంది.

‘జ్వరం తెచ్చేది ఏ దోమ?’ అన్న ప్రశ్నకు తొలి జవాబు దొరికింది తెలుగు నేల మీదే. వైద్యుడు రోనాల్డ్ రాస్ 1895లో సికింద్రాబాద్‌లో మొదలుపెట్టి దోమల్ని కోసి చూస్తూ వచ్చాడు. రెండేళ్లపాటు ఏమీ కనిపించలేదు. అతను కోస్తున్నవి మనుషుల మలేరియాతో సంబంధం లేని దోమలు. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని చుక్కల రెక్కల దోమలతో కుట్టించాడు, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చి. 20న అలాంటి దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కణాలు కనిపించాయి. ఆ దోమ శాస్త్రీయ నామం రాస్‌కు తెలియదు. రెక్కల మీది మచ్చలే అతనికి గుర్తు. బేగంపేటలో అతను పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది.

నల్లగొండ, సూర్యాపేట వైపు పల్లెల్లో మలేరియాను చలిజ్వరం అనే అంటారు. క్యూలిసిఫేసిస్‌కు గుడ్లు పెట్టడానికి ఎండ పడే తేట నీళ్లు కావాలి. వాగుల్లో మిగిలిన మడుగులు, వాడని బావులు, కాలువ గట్ల నుంచి ఊరే నీరు, కొత్తగా నాట్లు వేసిన మడి, ఇవన్నీ దానికి సరిపోతాయి. తుంగతుర్తి చుట్టుపక్కల మెట్ట నేలలు చాలాకాలం చెరువుల మీద, బావుల మీద బతికాయి. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు అక్కడికి చాలా ఆలస్యంగా వచ్చాయి. దక్షిణాన మిర్యాలగూడ, కోదాడ వైపు సంగతి వేరు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి మడులు మైళ్ల కొద్దీ పరుచుకున్నాయి.

అయితే వరి మడి పంటకాలమంతా దోమల మడి కాదు. 1940ల మొదట్లో పరిశోధకులు పి.ఎఫ్. రస్సెల్, టి. రామచంద్రరావు తంజావూరు జిల్లా పట్టుకోట ప్రాంతంలో దీన్ని పరిశీలించారు. ఈ దోమ నీటిపైన గాలిలో ఎగురుతూనే గుడ్లు వదులుతుంది. పైరు అడుగు ఎత్తు దాటి దుబ్బు కట్టాక దానికి ఆ ఖాళీ దొరకదు, మడిని వదిలేస్తుంది. 

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్ల గోడలకూ పశువుల కొట్టాలకూ డీడీటీ కొట్టారు. ఏటా ఏడున్నర కోట్ల మందికి వచ్చే జ్వరం 1965 నాటికి లక్ష కేసులకు దిగింది. 1976లో మళ్లీ 64 లక్షలకు ఎగబాకింది. డీడీటీని తట్టుకునే క్యూలిసిఫేసిస్ దోమలు అప్పటికే చాలా జిల్లాల్లో ఉన్నాయి. అయినా లెక్కలు కుదరలేదు. ఒక ఊళ్లో ఈ దోమలు విపరీతంగా ఉన్నా జ్వరం తక్కువ, మరో ఊళ్లో దోమలు కొద్దిగానే ఉన్నా జ్వరం ఎక్కువ.

1980లో గ్రీన్, మైల్స్ అనే పరిశోధకులు క్రోమోజోముల్లో ఈ చిక్కుముడికి కొస పట్టుకున్నారు. పక్కపక్కనే తిరుగుతున్నా ఒకదానితో ఒకటి జతకట్టని రెండు జాతులను గుర్తించి, వాటికి ఏ, బి అని పేర్లు పెట్టారు. ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా సుబ్బారావు బృందం 1983లో సి జాతిని పట్టుకుంది. 1991లో డి, 1999లో రామేశ్వరం దీవి నుంచి ఇ చేరాయి. మన దేశంలో బి జాతి మలేరియాను అంతగా మోయదు, ఏ మోస్తుంది. పైగా డీడీటీని బి ఎక్కువగా తట్టుకుంటుంది. అంటే మందు కొట్టాక కొట్టంలో మిగిలే దోమలు చాలావరకు నిరపాయమైనవే కావచ్చు. వాటిని లెక్కపెట్టి మందు పనిచేయలేదని తీర్మానించడం ఎంత పొరపాటో దీంతో తెలిసింది.

కానీ క్రోమోజోములు చదవడం కష్టమైన పని. రక్తం తాగి, గుడ్లు సగం ముదిరిన ఆడదోమ దొరకాలి. దాని అండాశయాన్ని తీసి రసాయనంలో నిలవచేసి, గాజు పలక మీద నలిపి, రంగెక్కించి చారలు చదవాలి. మగదోమ, లార్వా, ఎండిపోయిన దోమ దీనికి పనికిరావు.

ఇక్కడ స్పేసర్లు ఆదుకున్నాయి. రైబోజోముకు కావలసిన ఆర్‌ఎన్ఏ జన్యువులు డీఎన్ఏలో వందలసార్లు వరసగా ఉంటాయి, చెరువు కింద మడి, గట్టు, మళ్లీ మడి ఉన్నట్టు. 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ జన్యువులు మడులైతే, వాటి నడుమ గట్లు ఐటీఎస్1, ఐటీఎస్2. ఒక వరస ముగిసి మరోటి మొదలయ్యేలోపు ఉండే పొడవాటి గట్టు ఐజీఎస్. జన్యువులో మార్పు వస్తే రైబోజోమే చెడిపోవచ్చు, అందుకే అవి కోట్ల ఏళ్లైనా పెద్దగా మారవు. గట్టు వంపు తిరిగినా పంటకు నష్టం లేదు. స్పేసర్లలో మార్పులు త్వరగా పోగవుతాయి. 1972లో డొనాల్డ్ బ్రౌన్ బృందం రెండు జాతుల కప్పల్లో మరో వింత చూసింది. జన్యువులు రెంటిలోనూ ఒకటే, స్పేసర్లు బాగా వేరు. కానీ ఒకే జాతి లోపల వందల నకళ్ల స్పేసర్లూ ఒక్కలాగే ఉన్నాయి. నకళ్లు ఒకదాన్నొకటి దిద్దుకుంటూ కలిసి మారతాయి. తమలో తాము జతకడుతున్నంత కాలం మార్పులు జాతి అంతటా పాకుతాయి. జతకట్టడం ఆగితే రెండు గుంపుల స్పేసర్లు వేర్వేరు దారి పడతాయి.

మారని జన్యువుల అంచులకు ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ ముక్కలు అతికించి పీసీఆర్‌తో నడుమ స్పేసర్‌ను పెంచవచ్చు. 1993లో స్కాట్, బ్రాగ్డన్, కాలిన్స్ ఆఫ్రికా దోమల ఐజీఎస్‌తో ఇలాంటి పనే చేశారు. గాంబియే దోమకు 390 డీఎన్ఏ అక్షరాల ముక్క, దాని జోడు అరబియెన్సిస్‌కు 315 అక్షరాల ముక్క వచ్చాయి. జెల్ మీద రెండు గీతలు రెండు ఎత్తుల్లో నిలుస్తాయి. దోమ కాలు ఒక్కటి చాలు.

మన క్యూలిసిఫేసిస్ అంత సులువుగా లొంగలేదు. 2005లో గోస్వామి, సుబ్బారావు బృందం దీని ఐటీఎస్2ను ఎంజైముతో కోసి చూస్తే రెండు గుంపులే తేలాయి. ఏ, డి ఒకవైపు. బి, సి, ఇ మరోవైపు. ఎక్స్ క్రోమోజోము అమరికను బట్టి అంతకు ముందే చేసిన విభజన కూడా ఇదే. గుంపు లోపల జాతులను విడదీయడానికి మైటోకాండ్రియాలోని సీఓటూ జన్యువును కూడా చదవాల్సి వచ్చింది. అయినా పని ఎంతో తేలికైంది. నాట్ల మడిలో గరిటెతో తోడిన లార్వా, గోడకు వాలిన మగదోమ, సిలికా జెల్ గుళికలతో గొట్టంలో ఎండబెట్టిన దోమ, ఏదైనా పరీక్షకు పనికొస్తుంది.