తోక, ముద్ర, పత్రం: అశ్వ గుర్తింపు చరిత్రలో కొనుగోలుదారుని స్థానం

గుర్రం కొనేవాని ముందు రెండు ప్రశ్నలుంటాయి. ఇది మంచి గుర్రమేనా అన్నది మొదటిది. అమ్మేవాడు చెబుతున్న గుర్రం ఇదేనా అన్నది రెండవది. భారతీయ అశ్వశాస్త్ర సంప్రదాయం మొదటి ప్రశ్నకు విస్తారంగా సమాధానం చెప్పింది. శాలిహోత్రుని పేరిట, నకులుని పేరిట ప్రచారంలో ఉన్న సంస్కృత గ్రంథాలు, తెలుగులో మనుమంచి భట్టు రచించిన హయలక్షణ విలాసము ఈ కోవకు చెందినవి. గుర్రం ఒంటిమీది సుడులు ఎక్కడుంటే శుభం, ఎక్కడుంటే అశుభం అన్న విచారణ ఈ శాస్త్రంలో ముఖ్యమైన భాగం. అదృష్టవంతుణ్ణి 'సుడి ఉన్నవాడు' అనడం తెలుగు వాడుకలో నేటికీ వినిపిస్తుంది. రెండవ ప్రశ్నకు జవాబు మాత్రం లక్షణ గ్రంథాల్లో కంటే రాజ్యాల లెక్కల పుస్తకాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులున్నాయి. కొన్నవి, యుద్ధంలో దక్కినవి, శాలలోనే పుట్టినవి ఇలా ఏ దారిన వచ్చిన గుర్రాన్నైనా ఆరు అంశాలతో నమోదు చేయాలి: కులం, వయస్సు, వర్ణం, చిహ్నం, వర్గం, ఆగమం. చివరిదైన ఆగమం అంటే ఆ గుర్రం ఎక్కడినుండి, ఎలా వచ్చిందన్న వివరం. ఇందులో చిహ్నం శుభాశుభాల కోసం ఉద్దేశించినది కాదు, ఒక గుర్రాన్ని మరొక గుర్రం నుండి వేరుచేసి చూపడానికి ఉద్దేశించినది. ఒకే ఒంటిమీది గుర్తును రెండు వేర్వేరు శాస్త్రాలు రెండు విధాలుగా చదివాయన్నమాట.

అలాఉద్దీన్ ఖల్జీ (1296–1316) గుర్రాలకు దాగ్ అనే ముద్ర వేయించి, సైనికుల ఆనవాళ్ళను హులియా పట్టీల్లో రాయించాడు. నాసిరకం గుర్రాన్ని చూపి మంచి గుర్రపు జీతం తీసుకోవడం, ఒకే గుర్రాన్ని రెండుసార్లు తనిఖీకి తేవడం వంటివాటిని అరికట్టడం దీని లక్ష్యం. ఆయన కాలంలో మొదటి తరగతి గుర్రం ధర 100 నుండి 120 టంకాలుగా నిర్ణయమైందనీ, ధరలు పెంచే దళారులను కఠినంగా శిక్షించారనీ బరనీ రాశాడు. ఫిరోజ్ తుగ్లక్ కాలానికి ఈ పట్టు సడలింది. గుర్రాన్ని తనిఖీకి హాజరుపరచలేక దిగులు పడుతున్న సైనికునికి, గుమాస్తాకు లంచమివ్వడానికి సుల్తానే ఒక బంగారు టంకా ఇచ్చాడని అఫీఫ్ చెప్పిన కథ ప్రసిద్ధం. అక్బరు ఈ ముద్రను పునరుద్ధరించినప్పుడు దాని ఆకారం పలుమార్లు మారింది. మొదట ఒక అక్షరపు తల, తరువాత అడ్డంగా ఖండించుకునే రెండు గీతలు, ఆపై నారి విప్పిన విల్లు, చివరకు అంకెలు. మోసాన్ని ఎక్కువగా అడ్డుకున్నవి అంకెలేనని అబుల్ ఫజల్ అభిప్రాయం. ముద్ర మారిన ప్రతిసారీ పాత ముద్రను ఎవరో ఓడించి ఉంటారని ఊహించడం అసమంజసం కాదు.

ఈ విషయంలో విజయనగరం ఇచ్చే సాక్ష్యం మరింత విలువైనది. 1530ల నాటి పోర్చుగీసు రచయిత ఫెర్నావ్ నూనిజ్ రెండు వేర్వేరు సందర్భాలలో రెండు పద్ధతులను పేర్కొన్నాడు. సాళువ నరసింహుడు హొర్ముజ్, ఏడెన్‌ల నుండి వచ్చే గుర్రాలను వెయ్యి పర్దావులకు మూడు చొప్పున, బతికినా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చనిపోయినవాటి తోకలు తెచ్చి చూపితే చాలు, వర్తకునికి పూర్తి సొమ్ము ముట్టేది. రెండవది రాజు తన నాయకులకిచ్చిన గుర్రాల సంగతి. వాటన్నిటిమీద రాజముద్ర ఉండేది. గుర్రం చస్తే ముద్ర ఉన్న చర్మపు ముక్కను కోసి అశ్వదళాధిపతికి చూపాలి. అప్పుడే మరో గుర్రం దక్కేది.

తోకకూ చర్మపు ముక్కకూ మధ్య ఉన్న తేడా ఇక్కడ కీలకం. ఒక గుర్రం చచ్చిందని తోక చెబుతుంది, ఏ గుర్రమో చెప్పలేదు. రాజు కొన్న గుర్రమే చచ్చిందని ముద్ర చెబుతుంది. వర్తకుని గుర్రానికి ముద్ర లేనందువల్లనే తోకతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంటే ఈ వ్యవస్థలలో గుర్తింపు కొనుగోలు తరువాత పుట్టేది. సంతలో బేరమాడే క్షణంలో కొనేవాని చేతిలో కాగితమేదీ లేదు. పళ్ళు చూడటం, నడక చూడటం, అమ్మేవాని మాట నమ్మడం, అంతే. దాగ్‌ను సైనిక క్రమశిక్షణగా మాత్రమే వివరించే పాఠ్యపుస్తకాలు ఈ పరిమితిని గమనించవు.

అయితే కాగితం ముందే ఉన్నా సమస్య తీరదని ఇంగ్లండు అనుభవం చూపింది. మేలుజాతి పందెపు గుర్రాల వంశావళి గ్రంథం అక్కడ 1791 నుండే ఉంది. 1844 మే నెలలో ఎప్సమ్‌లో మూడేళ్ళ గుర్రాలకు మాత్రమే పరిమితమైన డెర్బీ పందెంలో రన్నింగ్ రెయిన్ మొదటిదిగా వచ్చింది. నిజానికి ఆ పేరుతో పరుగెత్తింది మెకాబియస్ అనే నాలుగేళ్ళ గుర్రం. ఎవరి పేరిట ఆ గుర్రం పరుగెత్తిందో ఆ అలెగ్జాండర్ వుడ్, బహుమతి సొమ్ము కోసం రెండవదిగా వచ్చిన ఓర్లాండో యజమాని కర్నల్ పీల్‌పై దావా వేశాడు. జూలైలో విచారణకు వచ్చినప్పుడు న్యాయమూర్తి ఆల్డర్సన్ సాక్షుల మాటలతో తృప్తిపడక, గుర్రాన్నే హాజరుపరచమన్నాడు. పళ్ళు చూస్తే వయస్సు తేలిపోతుంది. గుర్రం రాలేదు, దావా నిలవలేదు. వంశావళి ఉంది, పేరుంది, కానీ ఆ పేరును ఆ శరీరంతో ముడిపెట్టే ఆధారం లేకపోయింది.

ఆ ముడి వేసినదే నేటి అశ్వ పాస్‌పోర్టు. ఐరోపా సమాఖ్యలో 2009 జూలై 1 నుండి కొత్తగా గుర్తింపు పొందే గుర్రాలకు మైక్రోచిప్ తప్పనిసరైంది. మెడ ఎడమ వైపున అమర్చే ఈ చిప్‌కు 15 అంకెల సంఖ్య ఉంటుంది. పాస్‌పోర్టులోని రేఖాచిత్రంలో తెల్లమచ్చలను గీసి, సుడులున్నచోట అడ్డగీతల గుర్తు వేస్తారు. శుభాశుభాలు నిర్ణయించిన సుడే ఇక్కడ కేవలం ఆనవాలుగా నిలిచింది. బ్రిటన్‌లో గుర్రాన్ని అమ్మేవాడు పాస్‌పోర్టును కూడా అప్పగించాలి, కొన్నవాడు 30 రోజుల్లోగా తన పేరు నమోదు చేయించుకోవాలి. కాబట్టి కొనేవాడు డబ్బు చెల్లించేముందే చిప్‌ను యంత్రంతో చదివించి సంఖ్యను సరిపోల్చాలి. మచ్చలనూ సుడులనూ చిత్రంతో, పళ్ళను పుట్టిన తేదీతో పోల్చి చూడాలి. కొన్ని మందులు వాడిన గుర్రం మాంసానికి పనికిరాదు గనుక ఆ వివరాల పుటను కూడా చదవాలి.

కౌటిల్యుని ఆరు అంశాలలో మొదటి నాలుగూ ఏదో ఒక రూపంలో ఈ పత్రంలో కనిపిస్తాయి. ఆగమం సంగతి వేరు. పాస్‌పోర్టులో యజమాని పేరున్నప్పటికీ అది యాజమాన్యానికి రుజువు కాదు. అమ్మేవానికి ఆ గుర్రంపై హక్కు ఎలా వచ్చిందో కొనేవాడు రశీదుల ద్వారా, పాత యజమానులను విచారించడం ద్వారా విడిగా తెలుసుకోవలసిందే.