పన్నెండో వంతు సోప్ బాక్స్ కారు

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకి సోప్ బాక్స్ డెర్బీ పేరు ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటుంది. ఇంజనుండదు, పెడళ్ళుండవు. భూమ్యాకర్షణ ఒక్కదాని సాయంతో వాలు దిగే కారు. మన ఊళ్ళలో చెక్కకి బేరింగులు బిగించి తోసుకున్న బండికి పెద్దన్నయ్య అనుకోండి.

1933లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో మైరన్ స్కాట్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్, వీధిలో పిల్లలు ఇలాంటి బళ్ళు తోలడం చూసి పందెం పెట్టాడు. 1934లో మొదటి జాతీయ పోటీ అక్కడే జరిగింది. 1935లో ఏక్రన్‌కి మారింది. 1936లో అక్కడ కట్టిన డెర్బీ డౌన్స్ ట్రాకే ఇప్పటికీ ఈ పోటీలకి ఇల్లు. ఆడపిల్లల్ని 1971లో గానీ రానివ్వలేదు. (షెవ్రోలే కార్వెట్‌కి ఆ పేరు సూచించింది కూడా ఈ స్కాటే!)

పిల్లలే కట్టాలన్నది ఈ పందెం మూలసూత్రం. పెద్దల చెయ్యి ఎంతదూరం పోతుందో 1973లో తెలిసింది. ఆ ఏడు గెలిచిన కారుని ఎక్స్‌రే తీస్తే ముక్కులో విద్యుదయస్కాంతం బయటపడింది. కుర్రాడు తల వెనక్కి ఆనిస్తే స్విచ్ పడేది. స్టార్టింగ్ గేటులోని ఉక్కు పలక ముందుకి వాలుతూ కారుని తనతో లాక్కెళ్ళేది. బిరుదు వెనక్కి తీసుకున్నారు. అలా చెయ్యమన్నది తానేనని, కుర్రాణ్ణి సాకుతున్న బంధువు తరవాత ఒప్పుకున్నాడు.

మా అమ్మాయి ఈమధ్య స్థానిక పందేనికి కారు బిగిస్తోంది. పక్కన ఇంజనీరు నాన్న ఖాళీగా ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే నా చేతులకి వేరే పని పెట్టుకున్నాను: పాతకాలపు డెర్బీ కారుకి నమూనా. కిట్టు కొనకుండా ప్రతి ముక్కా సొంతంగా కోసి చేసే ఈ పద్ధతిని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు.

స్కేలు 1:12 ఎంచుకోండి. అడుగు అంగుళమవుతుంది, లెక్కలు నోటితోనే అయిపోతాయి. 12 అంగుళాల చక్రం 1 అంగుళం. ముప్పావు అంగుళం ప్లైవుడ్ నేల 1/16 అంగుళం బాస్‌వుడ్. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర చెక్కినవాళ్ళకి ఈ బాస్‌వుడ్ మెత్తదనం పరిచయమైనట్టే ఉంటుంది. బాడీకి అడ్డుకోతల ఆకారాలు ముందు అట్టమీద గీసి, పలచని ప్లైవుడ్‌లో కోసి, నేలమీద నిలబెట్టి, వాటిమీద సన్నటి బాల్సా పట్టీలు అతికించాలి. ఆపైన పుట్టీ, ఉప్పు కాగితం, మళ్ళీ పుట్టీ. ఇది ఓపిక పని, అంతకుమించి చెప్పడానికేం లేదు.

అసలు సంగతంతా కిందనుంది. మామూలు కారు నమూనాలో బానెట్ ఎత్తితే ఇంజను కనిపించి చూసేవాళ్ళు మెచ్చుకుంటారు. ఇక్కడ ఎత్తడానికేం లేదు. ఇరుసులు, స్టీరింగు కేబులు, బ్రేకు, ఇంతే. ముందు ఇరుసు మధ్యలో ఒకే ఒక మేకు మీద తిరుగుతుంది. స్టీరింగు కడ్డీకి చుట్టిన కేబులు చిన్న కప్పీల మీదుగా ఇరుసు రెండు కొసలకీ పోతుంది. నమూనాలో ఇరుసుకి 1 మి.మీ. పియానో తీగ, కేబులుకి పావు మి.మీ. చేపల గాలం దారం సరిపోతాయి. దారం వదులైతే ఇరుసు వంకరగా నిలుస్తుంది, కంటికి వెంటనే తెలిసిపోతుంది. బ్రేకంటే చక్రాన్ని పట్టేది కాదు. పెడల్ తొక్కితే నేలలోని కంతలోంచి రబ్బరు దిమ్మ దిగి రోడ్డుని రాసుకుంటుంది.

చక్రాలకి ప్లాస్టిక్ షీటు బిళ్ళలు అతికించి, డ్రిల్లులో బిగించి తిప్పుతూ గుండ్రంగా అరగదీయండి. టైరుకి హార్డ్‌వేర్ షాపులో దొరికే ఓ-రింగు చాలు: బయటి వ్యాసం 1 అంగుళం, మందం 1/16.

బరువు దగ్గర చాలామంది తికమకపడతారు. పాత నిబంధనలో కారూ పిల్లాడూ కలిపి 250 పౌన్లు. దాన్ని 12తో భాగిస్తే 21 పౌన్లు! బరువు ఘనపరిమాణంతో పోతుంది కాబట్టి 12ని మూడుసార్లు, అంటే 1728తో భాగించాలి. వచ్చేది సుమారు 66 గ్రాములు. కర్ర నమూనా అంతకన్నా తేలిక, కాబట్టి నేలకింద ఉక్కు నట్లు దాచవచ్చు. సీసం వద్దు, ఇంట్లో పిల్లలుంటారు.

రంగుకి ముందు బూడిదరంగు ప్రైమర్ తప్పనిసరి. పాత కార్ల మీద ఊరి పేరూ, డబ్బిచ్చిన దుకాణం పేరూ చేత్తో రాసేవారు. కంప్యూటర్ ఫాంటులో నున్నగా ప్రింటు తీస్తే అందం చెడుతుంది. మా ఇంట్లో ఆ అక్షరాలు రాసిపెడతానని అమ్మాయి ఒప్పుకుంది, తన కారుమీద నేను చెయ్యి వెయ్యనన్న షరతు మీద.