ఆసుపత్రి సహాయక సిబ్బందిలో నడుము, కీళ్ల నొప్పులు: బరువు లెక్క, మనుషుల లెక్క

ప్రభుత్వాసుపత్రి వార్డులో రోగిని స్ట్రెచర్ మీంచి మంచం మీదికి మార్చే తీరు చూస్తే నడుము నొప్పి ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. చాలా మంచాల ఎత్తు మార్చడానికి వీలుండదు. వార్డుబాయ్ మంచానికి అటువైపు నిలబడి, పరుపు మీద మోకాలు ఆనించి, ముందుకు వంగి దుప్పటి అంచు పట్టుకుని లాగుతాడు. ఇటువైపు నుంచి ఆయమ్మ రోగి కాళ్లు అందిస్తుంది. బ్రేకు పడని స్ట్రెచర్ జరిగిపోకుండా రోగి బంధువు పట్టుకుంటాడు. చేతులు ఎంత దూరం చాచితే వెన్నెముక కింది డిస్కుల మీద ఒత్తిడి అంత పెరుగుతుంది. నడుము తిప్పుతూ లాగితే ఇంకా ఎక్కువ.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలిస్తే ఒకరు ఎత్తదగిన బరువు 23 కిలోలు. అది కదలని వస్తువులకు. రోగి నొప్పికి ముడుచుకుంటాడు, భయంతో మెడ పట్టుకుంటాడు. అందుకే ఆ సంస్థ పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో రోగుల విషయంలో ఆ హద్దును సుమారు 16 కిలోలుగా ప్రతిపాదించారు. ఆ లెక్కన 60 కిలోల మనిషిని ఎత్తడానికి నలుగురు కావాలి. రాత్రి డ్యూటీలో నలుగురు దొరికే వార్డులు ఎన్ని?

పారిశుద్ధ్య కార్మికుల బాధ వేరు. 15 లీటర్ల బకెట్ అంటే నీళ్లే 15 కిలోలు. తడి గుడ్డను రోజంతా పిండే మణికట్టుకూ, పొట్టి కర్ర మాప్‌తో వంగి తుడిచే భుజానికీ విశ్రాంతి ఉండదు.

‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అని శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకోవడం అన్యాయం. బరువులెత్తే మెళకువల శిక్షణ, సాధనాలు జోడించినా సరే, నడుము నొప్పిని నివారిస్తుందనడానికి వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్షకు ఆధారాలు దొరకలేదు. మనుషులూ తీరికా లేనిచోట మెళకువ తెలిసినా వాడే వీలుండదని నా అభిప్రాయం.

ఇలాంటి నొప్పుల సర్వేలకు ఎక్కువగా వాడే 1987 నాటి నార్డిక్ ప్రశ్నావళి తొమ్మిది శరీర భాగాల గురించి గత 12 నెలల, గత ఏడు రోజుల ఇబ్బందులు అడుగుతుంది. ఉపయోగకరమైనదే. కానీ సర్వే రోజున డ్యూటీలో ఉన్నవారినే అడిగితే, నొప్పి భరించలేక మానేసినవారు లెక్కలోకి రారు. అవుట్‌సోర్సింగ్ సిబ్బందిలో ఈ లోపం పెద్దది: సెలవు పెడితే జీతం కోత, కాబట్టి మాత్ర మింగి వస్తారు; రాలేనిరోజు జాబితాలోంచి పేరే పోతుంది. అందువల్ల ఇకపై జరిగే అధ్యయనాలు షిఫ్టుకు ఎంతమంది, రోగులను ఎన్నిసార్లు మార్చారు, మంచం ఎత్తెంత అన్నవి నొప్పితోపాటే నమోదు చేయాలి. కాంట్రాక్టరు దగ్గరి పాత హాజరు పట్టీలు తెప్పించుకుని, వాటిలో పేరుండి ఇప్పుడు పనిలో లేనివారి ఇళ్లకు వెళ్లి ఎందుకు మానేశారో అడగాలి.