వులిమిరి రామలింగస్వామి: వైద్యవిద్య, సాంఘిక న్యాయం

శాస్త్రజ్ఞుల చరిత్రలు మన భాషలో తరచు బిరుదుల పట్టికలుగా ముగుస్తాయి. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారి విషయంలోనూ జరిగింది ఇదే. 1971లో పద్మవిభూషణ్ పొందారనీ, 1986లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులయ్యారనీ చెప్పి ఊరుకుంటాము. వైద్యశాస్త్రానికి తెలిసిన సంగతి పేదవాని గడపదాకా ఎందుకు చేరడం లేదన్న ప్రశ్నను ఆయన పని మన ముందుంచింది. దానిని మాత్రం చర్చించము. మడకశిరలో తెలుగు పాఠాలు చెప్పుకొనే నీకు ఈ చరిత్రతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. కరువుసీమలో బ్రతికేవానికి తిండిచరిత్ర సాహిత్యచరిత్రకు దూరపుది కాదని నా సమాధానం.

రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్టణం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. ఆక్స్‌ఫర్డులో పరిశోధన పట్టం పుచ్చుకున్నారు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేస్తూ, తిండిలోపం శరీరానికి చేసే హానిని అధ్యయనం చేశారు.

1956లో ఆయనా, సహచరులూ హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక పరిశోధన ఆరంభించారు. అక్కడి నేలలో అయోడిన్ తక్కువ. నేలలో లేనిది పంటలోకి రాదు, పంటలో లేనిది మనిషికి అందదు. అందుచేత నూటికి సుమారు 38 మందికి గళగండం. ఆ కొరత గర్భంలోని శిశువు మెదడును కూడా దెబ్బతీస్తుంది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. 1962 నాటికి మొదటి రెండు చోట్లా వ్యాధి సగానికి దిగింది, మూడవచోట తగ్గలేదు. ఆ ఏడే ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ పథకం ప్రారంభించింది. అయితే అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధం దేశమంతటా స్థిరపడింది 2006లో! సత్యం రుజువైన తరువాత కూడా నలభై నాలుగేళ్ళు పట్టిందన్నమాట.

ఈ జాప్యానికి మూలం వైద్యవ్యవస్థ పట్టణం వైపే మొగ్గి ఉండడంలోనూ వెదకాలి. రామలింగస్వామి 1969 నుంచి 1979 దాకా ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరు. విద్యార్థులు బల్లభ్‌గఢ్ పల్లెలకు వెళ్ళి నేర్చుకొనే ఏర్పాటు ఆ సంస్థలో 1965లోనే మొదలైంది. తరువాత 1986 వరకు ఆయన భారత వైద్య పరిశోధన మండలికి నాయకత్వం వహించారు. ఆ కాలంలోనే, ఆయన అధ్యక్షతన ఏర్పడిన సంఘం ‘అందరికీ ఆరోగ్యం’ గురించిన నివేదికను 1981లో వెలువరించింది. దారిద్ర్యం, అసమానత తగ్గనిదే, విద్య వ్యాపించనిదే ఆస్పత్రులు మాత్రమే ఆరోగ్యాన్ని ఇవ్వలేవని ఆ నివేదిక సారాంశం.

1996లో యూనిసెఫ్ ప్రచురణలో మరి ఇద్దరితో కలిసి ఆయన వ్రాసిన వ్యాసం ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆఫ్రికాలోకంటె దక్షిణాసియాలోనే పిల్లలు ఎక్కువగా చిక్కిపోవడానికి కారణమేమి? భారతదేశంలో శిశువుల్లో మూడోవంతు బరువు తక్కువగా పుడుతున్నారనీ, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఇది ఆరోవంతేననీ వారు చూపారు. మూలం స్త్రీ స్థితిలో ఉందన్నారు.

ఈ మాట మాకు పరాయిది కాదు. మా ప్రాంతంలో వేరుశెనగ చేలో పగలంతా కలుపు తీసిన తల్లి, ఇంటికి వచ్చి సంగటి కెలికి, అందరికీ పెట్టి, చివరికి మిగిలినదే తినడం నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. ఆ సంగటిలో పడే ఉప్పులో నేడు అయోడిన్ ఉంది. కంచంలో వాటా మాత్రం మారలేదు. ఉప్పును మార్చడం వల్ల ఏ ఇంటి పెత్తనమూ కదలదు. కంచంలో వాటా మారాలంటే పెత్తనం కదలాలి, కూలిరేటు కదలాలి.

రామలింగస్వామి 2001 మే 28న మరణించారు. ఆయన శాస్త్రంలో సులభమైన సగాన్ని దేశం, ఆలస్యంగానైనా, అమలుచేసింది. కష్టమైన సగం వైద్యుల ఒక్కరి వల్ల అయ్యేది కాదు. అది మనందరి మీదా ఉన్న బాకీ.