ముఖం లేని పాటదారు

తెనాలిలో ఆశ, బాపట్లలో అనుమానం, రేపల్లెలో జవాబు... ఒక పాత వాచీ నడిపించిన యథార్థ గాథ

ఆదివారం రాత్రి. తెనాలిలో మా డాబా మీద మడత మంచం వేసుకుని ఫోను పట్టుకు కూర్చున్నాను. వేలం పదింటికి ముగుస్తుంది. టైము తొమ్మిదీ యాభై రెండు.

పాటలో ఉన్నది హెచ్ఎంటీ జనతా. రోజూ కీ ఇవ్వాల్సిన వాచీ. తెల్ల డయలు, 17 జ్యువెల్స్. రూ.2,350 దగ్గర పాట నా పేరు మీదే ఆగి ఉంది.

నిజానికి నాకు కావలసింది వాచీ కాదు, దాని డయలు. నాన్నది కూడా జనతాయే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రోజు ఆయన రేపల్లె దగ్గర చుట్టాల ఊళ్ళో ఉన్నారు. మనిషి బతికి బయటపడ్డారు గానీ వాచీ నీళ్ళు తాగింది. అక్కడే ఎవరో బాగుచేసిస్తే మళ్ళీ నడిచింది. డయలు మాత్రం టీ ఒలికిన కాగితంలా గోధుమరంగు తిరిగిపోయింది. నాన్న పోయాక వాచీ నా దగ్గరికొచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే ఆగిపోయింది.

"మిషను నేను నడిపిస్తాను. డయలు కొత్తది కావాలంటే మాత్రం ఇంకో జనతా పట్టుకురా బాబూ. కంపెనీయే లేదుగా ఇప్పుడు," అన్నాడు రేపల్లెలో వాచీలు బాగుచేసే బాబాయి.

నిజమే. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్ఎంటీ బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది 1961లో. ఆ వాచీల సంస్థని మూసేయాలని కేంద్రం తేల్చింది 2016 జనవరిలో. ఒకప్పుడు పెళ్ళికొడుకు చేతికి పెట్టిన వాచీ ఇప్పుడు సేకరించేవాళ్ళ సరుకైంది. అందుకే ఈ ఆన్‌లైన్ పాట.

ఈ పాటలో గంటల తరబడి కూర్చోనక్కర్లేదు. మన ఆఖరు మాట ఎంతో రహస్యంగా రాసిపెడితే చాలు. ఎదుటివాడు పెంచినప్పుడల్లా యంత్రమే మన తరఫున ఒక మెట్టు పైకి పాడుతుంది. నేను రాసిపెట్టింది రూ.4,500. ఆ సంగతి నాకూ యంత్రానికీ తప్ప ఎవరికీ తెలియదు.

తొమ్మిదీ యాభై నాలుగుకి ఒకడు దిగాడు. పేరు 'కె*9'. అసలు పేరు తెలియకుండా సైటువాళ్ళు మధ్యలో చుక్కలు పెడతారు.

2,500 అన్నాడు. యంత్రం 2,600 అంది. 2,900 అన్నాడు. యంత్రం 3,000 అంది. ఆలోచించుకుని పాడేవాడి తీరు కాదది. చీకట్లో గోడ తడుముకుంటూ తలుపెక్కడుందో వెతికేవాడి తీరు. 3,500... 4,000... 4,400. నా తరఫున యంత్రం 4,500 అని గొంతు ఆపేసింది. అతను 4,600 కొట్టాడు.

'మీ పాటను మించారు. మళ్ళీ పాడతారా?' అని తెర మీద పచ్చటి బొత్తం వెలిగింది. దాని మీద వేలు పెట్టి, తీసి, పెట్టి, చివరికి తీసేశాను. పదయింది. వాచీ పోయింది.

పదీ ఇరవైకి అమ్మకందారు దగ్గర్నుంచి సందేశం. 'గెలిచినవారు డబ్బు కట్టలేమన్నారు. మీ ఆఖరు ధర రూ.4,500కి వాచీ మీకే ఇస్తాం. ఈ రాత్రే కట్టాలి.'

ఎగిరి గంతేశాను. ఆ సంతోషం చెప్పుకుందామని బాపట్లలో ఉన్న బావకి ఫోను చేశాను.

"డబ్బు కొట్టావా బామ్మర్దీ?"

"ఇప్పుడే కొడుతున్నా బావా."

"ఆగు. కట్టడానికి ఎన్నాళ్ళు గడువు?"

"రెండు రోజులు."

"రెండు రోజులున్నవాడు ఇరవై నిమిషాల్లో చేతులెత్తేశాడా? నాకా పేజీ పంపు."

బావ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. విడిపించుకోని తాకట్టు నగల వేలాలు ఎన్నిటిలోనో కూర్చున్న మనిషి. "మా దగ్గర పాడాలంటే ముందు డిపాజిట్టు కట్టాలి. కట్టనివాడికి గొంతే లేదు. నీ చుక్కలవాడు ఏం కట్టి పాడాడు?" అంటూనే ఆ అమ్మకందారు పాత వేలాలు ఒక్కొక్కటే తెరిచారు. అరగంట తర్వాత మళ్ళీ ఫోను.

"అతను ముగించిన వేలాలు అయిదు దొరికాయి. నాలుగింటిలో కె*9 ఉన్నాడు. మూడుచోట్ల ఆఖరి దాకా ఎగదోసి తప్పుకున్నాడు. అంటే నీలాంటివాళ్ళు ముగ్గురు ఎక్కువ పోసి కొన్నారన్నమాట. నాలుగోచోట గెలిచాడు. గెలిచిన ఆ వాచీయే వారం తిరక్కుండా మళ్ళీ వేలానికొచ్చింది. ఫోటో కూడా మార్చలేదు."

"ఇద్దరూ ఒకరేనంటారా?"

"అనను. ఆ లెక్క సైటువాళ్ళ దగ్గరుంటుంది, మన దగ్గర కాదు. డబ్బు కట్టొద్దని మాత్రం అంటాను."

చెరువు పాటలు చూసినవాళ్ళకి ఈ నాటకం కొత్తేం కాదు. రావిచెట్టు కింద ధర ఎగదోయడానికే నిలబడ్డవాణ్ణి జనం ఇట్టే పట్టేస్తారు. 'నీకు వల లేదు, పడవ లేదు, చేపలెందుకోయ్?' అని ఎవరో ఒకరు వెనకనుంచి అరుస్తారు. ఫోనులో ఆ వెనక వరస లేదు. చుక్కలవాడి చేతిలో వల ఉందో లేదో చూసే కన్ను లేదు.

బావ చట్టం కూడా చెప్పారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ వేలాల గురించే. తానూ పాడతానని అమ్మేవాడు ముందుగా చాటి చెప్పకపోతే, తాను పాడకూడదు, తన మనిషిని పెట్టి పాడించకూడదు. ధర పెంచడానికి ఉత్తుత్తి పాటలు పాడిస్తే, కొన్నవాడు ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చు. ఇంటర్నెట్టు పుట్టకముందే రాసిన మాట ఇది. సైబర్ మోసం జరిగితే ఫోను చేయాల్సిన నంబరు కూడా 1930 కావడం కాకతాళీయం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలాగే ఇలాంటి పాటల్లో చిక్కినవాళ్ళ సంగతులు చదువుతూ కూర్చున్నాను.

2000 మే నెల, అమెరికాలోని శాక్రమెంటో. కెన్నెత్ వాల్టన్ అనే లాయరు ఈబేలో ఒక పెయింటింగు పెట్టాడు. మొదటి పాట 25 సెంట్లు. దాని విలువేమిటో తనకి తెలియనట్టు అమాయకంగా వివరం రాశాడు. బొమ్మ మూలన ఉన్న పొడి అక్షరాలు చూసి, పేరున్న చిత్రకారుడిదేమోనని జనం ఎగబడ్డారు. పాట 1,35,805 డాలర్ల దగ్గర ఆగింది. పాడినవాళ్ళలో వాల్టన్ కూడా ఉన్నాడు, వేరే పేరుతో. తీగ లాగితే అతనూ, మరో ఇద్దరూ 40కి పైగా దొంగ పేర్లతో ఒకరి సరుకు మీద ఒకరు పాడుకున్నారని తేలింది. 2001లో వాల్టన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

వాచీల లోకంలో సంగతి ఇంకాస్త లోతు. 2007 ఏప్రిల్‌లో జెనీవాలో ఆంటికోరమ్ సంస్థ అన్నీ ఒమేగా వాచీలతోనే ఒక వేలం వేసింది. ప్లాటినం ఒమేగా ఒకటి 3,51,000 డాలర్లు పలికితే అబ్బో అన్నారు. కొన్న అజ్ఞాత పాటదారు ఒమేగా కంపెనీయేనని ఆ అక్టోబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. కంపెనీ తన మ్యూజియం కోసం కొనుక్కోవడం నేరం కాదు. కానీ ఆ ధర చూసి మర్నాడు మరో ఒమేగా కొన్నవాడికి, దాన్ని పాడింది ఎవరో తెలియదు.

ఆ మ్యూజియమే తర్వాత బోల్తా పడింది. 2021 నవంబరులో జెనీవాలోనే ఫిలిప్స్ సంస్థ వేలానికి 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ వచ్చింది. నల్ల డయలు ఏళ్ళు గడిచి గోధుమరంగు తిరిగింది. 80,000 నుంచి 1,20,000 స్విస్ ఫ్రాంకులు పలకొచ్చని అంచనా వేస్తే, 31,15,500 దగ్గర ఆగింది. కొన్నది ఒమేగాయే. అది వేర్వేరు వాచీల ముక్కలు కూర్చి తయారుచేసిన సరుకనీ, ఆ కొనుగోలులో తమ మాజీ ఉద్యోగుల చెయ్యి ఉందనీ 2023లో ఒమేగాయే చెప్పి, క్రిమినల్ కేసుకి కదిలింది. కంపెనీ తన వాచీని తానే పోల్చుకోలేకపోతే మన బోటివాళ్ళం ఫోనులో ఫోటో చూసి పోల్చేస్తామా?

డబ్బు కట్టలేదు. సైటువాళ్ళకి ఫిర్యాదు పెట్టాను. 'పరిశీలిస్తున్నాం' అని జవాబొచ్చింది.

మరుసటి ఆదివారం నాన్న వాచీ జేబులో వేసుకుని రేపల్లె పాసింజరెక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటితే పట్టాలు ఆగిపోయే ఊరే రేపల్లె. బాబాయి కొట్టు ఒక బల్ల, ఒక బల్బు, గాజు బుడ్డి కింద చిన్న చక్రాలు. ముందు ఫోనులో ఆ వేలం వాచీ ఫోటో చూపించాను. కంటికి భూతద్దం తగిలించుకుని తెర మీదికి వంగాడు.

"ఇది కొత్తగా రంగేసిన డయలు బాబూ. అక్షరాలు చూడు, సిరా పీల్చినట్టు ఉబ్బాయి. నిమిషాల గీతలు ఇక్కడ దగ్గరగా, అక్కడ దూరంగా ఉన్నాయి. ఫ్యాక్టరీ అచ్చు ఇలా ఉండదు. ముళ్ళు కూడా వేరే వాచీవి."

తర్వాత నాన్న వాచీ వెనక మూత విప్పాడు. విప్పి, పని మొదలుపెట్టకుండా ఆ మూతనే బల్బు కిందికి తిప్పి తిప్పి చూశాడు. లోపలి పక్క సూదిమొనతో గీసిన గీతలు. వెంట్రుకంత సన్నం. '12-77', దాని పక్కన కొక్కెంలాంటి గుర్తు.

"ఇది మా గురువుగారి చెయ్యి," అన్నాడు. "ఉప్పెన తర్వాత బుట్టల కొద్దీ తడిసిన వాచీలొచ్చాయి. రాత్రింబవళ్ళు కూర్చుని విప్పాం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బాగుచేసిన ప్రతి వాచీ మూతలోనూ ఆయన ఇలా గీసేవారు."

"ఎందుకు బాబాయ్?"

"రేపు తేడా వస్తే ఎవరి చేతిలో చెడిందో తెలియాలిగా."

గోధుమరంగు డయలుకి జెనీవాలో ముప్ఫై లక్షల ఫ్రాంకులు పోశారని చెబితే పగలబడి నవ్వాడు. "ఆ దొరలకి మన ఉప్పెన నీళ్ళ సంగతి తెలియదు పాపం."

"డయలు మార్చకండి," అన్నాను.

గంటన్నర తర్వాత వాచీ టిక్కుమంది. మూత బిగించే ముందు సూది తీసి, గురువుగారి గుర్తు కింద తనదీ, ఆ రోజు తేదీ గీశాడు. ఉఫ్ అని ఊది, బిగించి, కీ ఇచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"ఎంతివ్వమంటారు?"

"ఏడొందలు," అన్నాడు, నా ముఖంలోకి చూస్తూ.