ఫతే మైదాన్, పబ్లిక్ గార్డెన్స్: ఖాళీ నేల లెక్క

హైదరాబాద్‌లో అసెంబ్లీ దగ్గర రోడ్డుకు ఒకవైపు పబ్లిక్ గార్డెన్స్, మరోవైపు లాల్ బహదూర్ స్టేడియం ఉన్నాయి. నగరం నడిబొడ్డున నడవడానికి, ఆడుకోవడానికి మిగిలిన చోట్లివి. ఇక్కడ ఏ అభివృద్ధి పని తలపెట్టినా ముందు పాత చరిత్ర చూడాలి. ఈ నేల తరిగింది చాలావరకు అభివృద్ధి పేరు మీదే.

1687లో ఔరంగజేబు గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించాడు. మొగలు సేన విడిది చేసిన, ఇప్పుడు స్టేడియం ఉన్న ఈ బయలుకు గెలుపు తర్వాత ఫతే మైదాన్ అన్న పేరు వచ్చిందంటారు. ఆసఫ్‌జాహీల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. నగరంలో తొలి టెస్టు మ్యాచ్ 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో ఈ మైదానంలోనే జరిగింది. పాలీ ఉమ్రిగర్ చేసిన 223 పరుగులే టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ. 1967లో స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1999 నవంబరులో టెండూల్కర్ 186 నాటౌట్‌గా నిలిచి, ద్రావిడ్‌తో కలిసి 331 పరుగులు జోడించిందీ ఇక్కడే.

2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో కొత్త స్టేడియం లేచింది. 2005 నాటికి అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలింది. ఫతే మైదాన్‌కు రోజువారీ సాధన మిగిలింది, దాంతోపాటు సభలూ మిగిలాయి. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది ఈ స్టేడియంలోనే. జనం మధ్య ప్రమాణం చేయడం గొప్ప ఘట్టమే. అయితే పెద్ద సభ ఏదైనా సరే, మైదానంలో గుంజల గుంతలను, లారీ చక్రాల గాళ్లను వదిలిపోతుంది. మర్నాడు పొద్దున్నే వచ్చే పిల్లల మడమలు ఆ గుంతల్లోనే మెలిపడతాయి. అందుకే సభకు అనుమతిచ్చే కాగితంలోనే నేలను మళ్లీ చదును చేసే ఖర్చూ గడువూ రాసి ఉండాలి.

పబ్లిక్ గార్డెన్స్ కథ ఇంకో తీరు. ఇప్పటి అసెంబ్లీ పాత భవనం 1905లో మొదలై 1913లో టౌన్‌హాలుగా పూర్తయింది. జూబ్లీహాలు, మ్యూజియం, బాలభవన్, ఆడిటోరియం, లలితకళాతోరణం తోటలో ఒక్కొక్కటిగా చేరాయి. విడివిడిగా చూస్తే ప్రతిదీ అవసరమే. అన్నీ కలిస్తే, వాటి వాహనాలు నిలిపే చోటుతో సహా, తోటే చిన్నదయింది. బెంగళూరులో పార్కు స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కు కేటాయించడాన్ని 1991లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మంచి పని కోసమైనా పార్కు పార్కుగానే ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం.

ఫతే మైదాన్‌లో చిక్కు కొలతలది. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్ లోపలి వెడల్పు 73 మీటర్లు. 68 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం అందులో సరిపోతుంది. క్రికెట్‌కు బౌండరీ పిచ్ నడుమ నుంచి ఇటూ అటూ కనీసం 59 మీటర్లు, అంటే దాదాపు 119 మీటర్ల వెడల్పు కావాలి. మూడు ఆటలనూ ఒకే చోట ఇరికించే నమూనా మూడింటికీ నష్టం. ఏ ఆటకు ఏ నేలో మొదటే తేల్చుకుని, మిగతా వాటికి వేరే మైదానాలు చూడాలి.

మిగిలినవి చిన్న పనులు, కానీ రోజూ అక్కరకొచ్చేవి: తాగునీరు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు, పాత చెట్ల మొదళ్ల చుట్టూ సిమెంటు పోయని నడకదారి. అసెంబ్లీ మెట్రో స్టేషన్ ఆనుకునే ఉంది కాబట్టి దిగినవారు భయం లేకుండా రోడ్డు దాటి రెండు చోట్లకూ చేరే దారి ఉంటే కార్ల కోసం నేల వదులుకోనక్కర్లేదు. వాననీటి కాలువల పనిని మాత్రం వేసవిలోనే ముగించాలి. జూన్‌లో వానలు మొదలయ్యాక తవ్విన మైదానం ఆ ఏడాదికి ఆటకు రాదు.