ఇండికేటర్ స్విచ్

మీటలోని చిన్న దీపం వెలుగుతో ప్లగ్ పాయింట్‌కు కరెంటు అందుతోందో లేదో తెలిపే స్విచ్. భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇళ్లలో 6, 16 ఆంపియర్ల సాకెట్లకు విడివిడిగా స్విచ్‌లు పెట్టడం పరిపాటి.

అమరిక: ఫేజు తీగ స్విచ్ గుండా సాకెట్ కుడి రంధ్రానికి చేరుతుంది. న్యూట్రల్ ఎడమ రంధ్రానికి, ఎర్త్ పైనున్న పెద్ద రంధ్రానికి నేరుగా వెళ్తాయి. స్విచ్ దాటిన ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కలిపిన దీపం ఆన్‌లో వెలుగుతుంది. అందుకే స్విచ్ వద్దకు న్యూట్రల్ తీగ కూడా కావాలి. స్విచ్ రెండు కొసల మధ్య కలిపిన దీపం ఆఫ్‌లో వెలిగి, చీకట్లో మీట జాడ చూపుతుంది. అయితే సాకెట్‌లో ఏ పరికరమూ లేకుంటే వలయం పూర్తికాదు, దీపం వెలగదు. నియాన్ దీపానికి వరుసలో ఉన్న రెసిస్టర్ కరెంటును అదుపులో ఉంచుతుంది.

భద్రత: స్విచ్ ఫేజులోనే ఉండాలి. న్యూట్రల్‌లో పెడితే, ఆపినా సాకెట్‌లో ఫేజు మిగిలే ఉంటుంది. దీపం మాడిపోయి ఉండవచ్చు కనుక, వెలగడం లేదని తీగను తాకరాదు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని మొదలుపెట్టాలి.